ఊపిరి కాదమ్మా!

పంతులమ్మ రోగానికి "కడుపు బాగోలేదు" అని పేరు పెట్టింది ఆవిడే. కొడుకు పుట్టిన దగ్గర్నుంచి విరేచనం ఆపుకోలేకపోతున్నానని ఏ నోటితో చెప్తుంది? డాక్టర్లకీ కడుపనే చెప్పింది, వాళ్లూ కడుపుకే మందులిచ్చారు. కొడుక్కి మీసాలొచ్చాయి గానీ రోగం మాత్రం కదల్లేదు. క్లాసులో తలుపు పక్కన తప్ప నిలబడదు, ప్రయాణమంటే ముందురోజే పస్తు. ఇక ప్రాణంలా చూసుకున్న ఉద్యోగమూ మానేద్దామని తేల్చేసుకుంది.

చివరికి పట్టేసింది ఆడపడుచు. ఆమె నోటికి జడిసి పంతులమ్మ ఎప్పుడూ ఆమడ దూరంలో ఉండేది. పెరట్లో చాటుగా ఆరేసిన గుడ్డముక్కలు చూసి, "ఇవేంటి వదినా? చెప్పేదాకా నిన్ను లేవనివ్వను," అని కూర్చోబెట్టి అంతా కక్కించింది. మర్నాడే ఆసుపత్రికి లాక్కొచ్చింది.

"మలద్వారం చుట్టూ ఉండే కండరం తెగి ఉంటే కుట్టొచ్చు. మొత్తం చచ్చుబడి ఉంటే మాత్రం కుట్టినా లాభం లేదు. స్కాన్ చూద్దాం," అన్నాడు సర్జన్.

స్కాన్ గదిలో పంతులమ్మ పక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. వేలంత గొట్టానికి చల్లటి జెల్ రాసి డాక్టరమ్మ మెల్లగా లోపలికి పెట్టింది. నొప్పి లేదు గానీ సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"బిగబట్టండి."

బిగబట్టింది.

"ఇంకా గట్టిగా!"

కళ్లు తేలేసేంత గట్టిగా బిగబట్టింది. తెరమీద ఏమీ కదల్లేదు.

"కండరం అసలు పలకట్లేదే..." అని డాక్టరమ్మ గొణిగింది. అయిపోయింది, ఇక జన్మంతా ఇంతే అనుకుంది పంతులమ్మ.

డాక్టరమ్మకి ఏదో అనుమానమొచ్చి ముందుకి వంగి చూసింది. పంతులమ్మ బుగ్గలు బూరల్లా ఉబ్బి ఉన్నాయి.

"అయ్యో నా తల్లీ! ఊపిరి కాదమ్మా, కింద! నలుగురిలో గ్యాస్ వస్తే ఆపుకుంటాం చూడండి, అలాగ."

"అదా! ఆ పరీక్షలోనే కదా నేను రోజూ ఫెయిలయ్యేది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. తర్వాత పంతులమ్మ సరిగ్గా బిగించింది. తెరమీద గుండ్రటి కండరం దగ్గరికి ముడుచుకుంది, ఒక్కచోట తప్ప.

"ఇదిగో, ముందువైపు ఇక్కడ తెగింది. కాన్పులో చిరిగి ఉంటుంది. మిగతాదంతా చక్కగా పనిచేస్తోంది, కుట్టడానికి వీలుంది. ఇందులో మీ తప్పేమీ లేదమ్మా."

ఆ ఆఖరి మాట వినగానే పంతులమ్మ భోరున ఏడ్చేసింది. ఆ మాట ఇన్నేళ్లలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

బయట హాలు కిటకిటలాడుతోంది. "ఏమన్నారు వదినా? చెప్పవేం?" అని ఆడపడుచు ఎదురొచ్చింది. పంతులమ్మ ఆమెని గట్టిగా వాటేసుకుంది.

"నువ్వు అడక్కపోతే నేనిలాగే పోయేదాన్నమ్మా. నీ మేలు ఈ జన్మలో మర్చిపోను. విరేచనం ఆగకపోవడం కూడా రోగమేనట! కుట్లు వేస్తారట!"

బడి గొంతు కదా, హాలంతా వినబడింది. "మెల్లగా వదినా!" అంది ఆడపడుచు. ఆమె నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు.

మూల కుర్చీలో కొంగు ఒళ్లో దగ్గరగా పట్టుకుని కూర్చున్న ఒకామె లేచి, తల దించుకునే దగ్గరికొచ్చింది.

"ఆ డాక్టరమ్మది... ఏ గదండీ?"

పంతులమ్మ కళ్లు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"రా తల్లీ, నేను తీసుకెళ్తాను."