ఊరి వరస

టెక్కలిలో చలపతిరావు ప్లీడరంటే యజమానులకి కొండంత ధైర్యం. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లకి కూలీలతో ఏ పేచీ వచ్చినా తిన్నగా ఆయన ఇంటి అరుగు మీదే తేలేవారు. ఆయన గొంతు పెంచడు, ఎవర్నీ కసరడు. మెత్తగా మాట్లాడుతూనే పని కానిచ్చేస్తాడు. అందుకు ఆయనకి కాస్త గర్వం కూడా ఉండేది.

అరవై ఎనిమిది వేసవిలో పాపారావు వచ్చాడు. అతని ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కాల్చే డ్రమ్ము దగ్గర మరిగిన జీడినూనె చిమ్మి చిన్నతల్లి అనే మనిషి కుడిచెయ్యి కాలిపోయింది. పుండు మానింది గానీ వేళ్లు ముడుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తే విడతాయన్నారట. అక్కడికి పోయి ఉండడానికయ్యే ఖర్చు కోసం, యూనియన్ పోలారావు చేత నష్టపరిహారానికి అర్జీ పెట్టించింది.

"దానిదీ మాదీ ఒకే ఊరండి, అక్కుపల్లి. నన్ను మావా అంతాది. ఏదో ఒకటి ఇచ్చీద్దునా?" అన్నాడు పాపారావు ఎటో చూస్తూ.

"ఒకరికిస్తే రేపు ఫ్యాక్టరీ అంతా వచ్చి కూర్చుంటుంది," అన్నాడు చలపతిరావు. అంతలోనే ఆగాడు. "మావా అంటుందా? నిజంగా చుట్టరికమేనా?"

"రక్తసంబంధం ఏటీ నేదండి, ఊరి వరస. దానికి సొంత మేనమావ నేకపోతే పెళ్లిలో గంప నానే ఎత్తినాను."

చలపతిరావు నవ్వాడు. ఉద్దానంలో ఎవర్నీ ఉత్త పేరుతో పిలవరు. బావో, మావో, చిన్నాన్నో, ఏదో ఒక వరస కలపాల్సిందే. అర్జీ విచారించడానికి దూరం నుంచి వచ్చే అధికారికి ఆ సంగతి తెలీదు. వరస కలిపిన మనిషిని నలుగురిలో కాదనడం అక్కడ ఎంత పెద్ద తప్పో మాత్రం చలపతిరావుకి బాగా తెలుసు. ఆయన తల్లిది ఆ ఉద్దానంలోని మందసే.

విచారణ నాడు ఆయన చిన్నతల్లిని అడిగినవి మూడే మాటలు.

"పాపారావుగారు నీకేమవుతారమ్మా?"

"మావండి."

"నీ పెళ్లిలో గంప ఎవరెత్తారు?"

ఆమె మొహం విప్పారింది. "మావే ఎత్తినాడు బాబూ."

"మావ ఇంట్లో పనుంటే సాయానికి వెళ్తావా?"

"ఎల్లనా మరి? పిలవకపోయినా ఎల్తాను."

ఆయన కూర్చున్నాడు. ఆయన వాదనల్లా ఒకటే: ఈమె కూలీ కాదు, పిక్కల రోజుల్లో సాయానికొచ్చిన బంధువు. అప్పుడప్పుడూ అందిన డబ్బు కూలి కాదు, అభిమానం. సాక్ష్యానికొచ్చిన ఫ్యాక్టరీ ఆడవాళ్లంతా కూడా పాపారావుని మావా అనే అన్నారు. కూలీ కాని మనిషికి పరిహారం రాదని అధికారి అర్జీ కొట్టేశాడు.

వరండాలో పోలారావు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఉత్త ఊరి వరసని సెప్పనేకపోనావా? ఆయన నాకేటీ కాడు, కూలికెల్లినానని ఒక్క మాటంతే సరిపోను కదా."

"మావని కాడని ఎలగంతాను? నలుగురిలో ఆ మాటంతే ఆయన మొకం ఏటవ్వాల?"

ఆ మాట ఇద్దరూ విన్నారు, ప్లీడరూ పాపారావూ. పాపారావు మొహం నల్లబడింది. పంచె మొలలోంచి నోట్లు తీసి ఆమె వైపు నడవబోయాడు.

చలపతిరావు చటుక్కున మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇప్పుడొద్దు. వాళ్లు పైకోర్టుకెళ్తే, తప్పు ఒప్పుకునే ఇచ్చారంటారు. ఇవాళే కాదు, ఇకముందు కూడా ఏమీ ఇవ్వకండి. ఎదురుపడితే పలకరించకండి." కక్షిదారులందరికీ ఆయన చెప్పే సలహాయే అది. ఆలోచించకుండానే వచ్చేసింది.

పాపారావు ఎటూ కదల్లేక నిలబడ్డాడు. చిన్నతల్లే అంది, "ఎల్లిపో మావా. ప్లీడరు బాబు సెప్పినట్టే ఇను. నా గురించి నీకు మాట రాకూడదు."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

చలపతిరావుకి ఒళ్లంతా సిగ్గు కమ్మింది. ఇన్నాళ్లూ తన తెలివనుకున్నది ఇదా అనిపించింది. చిన్నతల్లికున్న మంచితనం ఎక్కడుందో వెతికి మరీ దానితోనే ఆమె నోరు కట్టేశాడు. ఇప్పుడు పాపారావు చూపబోయిన ఆ కాస్త దయ కూడా అందకుండా చేశాడు. గబగబా తన జేబులో ఉన్నదంతా తీసి, "ఇది ఉంచమ్మా, ఆసుపత్రికి," అన్నాడు.

ఆమె ముడుచుకుపోయిన చేతిని పైట కిందికి లాక్కుంది. కోపమేమీ లేదు.

"వొద్దు బాబూ. సుట్టాలు పెడితే తింతాం. పరాయోల కాడైతే పని సేసే తీసుకుంతాం. మీకు నానేటి పని సేసినాను?"

ఏ పని చేసిందో చలపతిరావుకి తెలుసు, కేసు గెలిపించింది ఆమె చెప్పిన ఆ మూడు జవాబులే. ఆ మాట పైకి అనే మొహం లేక, నోట్లు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.