తొడలు లేని సారథి

గుడి మొదటి చక్రానికీ శిల్పి కూతురికీ ఒకటే వయసు. ఆ చక్రాన్ని మట్టి వాలు మీదుగా అరుగు మీదికి లాగుతున్న రోజున, చూడకపోతే కొంపలు మునిగిపోతాయన్నట్టు, శిల్పి భార్య ఎనిమిదో నెల కడుపుతో ఆ వాలు ఎక్కింది. మంత్రసాని వద్దంటున్నా, కడుపులో బిడ్డకు వాళ్ల నాన్న చెక్కిన చక్రం చూపించాలంది. సాయంత్రానికే నొప్పులొచ్చాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకు కాళ్లలో చలనం లేదు.

ఇరవై ఏళ్లలో సూర్యుడి గుడి రథంలా లేచింది. రాయికీ రాయికీ ఇనుప బందులు, రెండు పక్కలా చక్రాలు, ముందు ఏడు గుర్రాలు, పొద్దుటి ఎండ గర్భగుడిలోకి పోయేలా తూర్పు వాకిలి. ఇసుకా నీళ్లూ పోసి రాతిని నునుపు చేయడంలో ఇప్పుడా పిల్లను మించినవాళ్లు లేరు. తల్లి మాత్రం ఆ మొదటి చక్రం వైపు మళ్లీ వెళ్లలేదు. కూతురికి పుట్టుకే అంతని చెప్పి ఊరుకుంది.

చివరగా సారథి బొమ్మను శిల్పికి అప్పగించారు. ఆ మాట వినగానే శిల్పి భార్య గుండెల్లో రాయి పడింది. సూర్యుడి సారథి అనూరుడు. బిడ్డను చూసుకోవాలన్న ఆత్రంతో తల్లి గుడ్డు ముందే పగలగొడితే, తొడలు లేకుండా పుట్టి తల్లినే శపించాడు. ఆ బొమ్మను రుద్దాల్సింది కూతురే. ఆ కథ తెలిస్తే తన కథా తెలిసిపోతుందని తల్లి హడలిపోయింది. నడుం కింద రథపు పలక చెక్కి దాచెయ్యమని భర్తను బతిమాలింది. అతను సరేనన్నాడు గానీ, కూతురు ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టే చెక్కమంది.

బొమ్మను నిలబెట్టిన మర్నాడు పొద్దున్నే తల్లి కూతుర్ని చెక్కబండిలో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. సారథి ఒళ్లు నడుంతో ఆగిపోయిన చోట రాయి నీళ్లలా మెరుస్తోంది. తల్లి ఇక ఉండబట్టలేకపోయింది.

"నువ్వెలా పుట్టావో నీకెవరైనా చెప్పారా తల్లీ?"

"మంత్రసాని అత్త నోట్లో నువ్వుగింజ నానుతుందా? నా చిన్నప్పుడే చెప్పేసింది."

"మరి నన్ను శపించాలనిపించలేదా?"

"అనిపించింది," అంది కూతురు. "చాలా రోజులు. నేను అలిగాననుకునేదానివి."

తల్లి కళ్లు తుడుచుకుంది. ఇంతకాలం భయపడిన మాట వినేసింది. దెబ్బ తగిలింది, కానీ బరువూ దిగింది.

"నాకు చూపించాలనే కదమ్మా ఆ వాలు ఎక్కావు," అంది కూతురు. "ఇన్నేళ్లయినా ఆ చక్రం చూపించనేలేదు. ఇప్పుడు చూపించు."

తల్లి బండిని దక్షిణం వైపు తిప్పింది. చక్రం దగ్గరికి చేరాక కూతురి చెయ్యి పట్టుకుని, చక్రం నడిమి నుంచి అంచుకు పోయే ఒక ఆకు మీద పెట్టింది.

"ఇదే. మీ నాన్న చెక్కింది."

కూతురు కళ్లు మూసుకుని ఆకు పొడవునా తడిమింది. నునుపు సరిగ్గా పెట్టలేదని, రేపట్నుంచి తనను ఇక్కడే కూర్చోబెట్టమని చెప్పింది. తల్లి సరేనంది.