చెవికీ భుజానికీ మధ్య

మిరపకాయల కోతకు పోయే ఆటో కదిలేముందు ఎలీషబా ప్రార్థన చేయాల్సిందే. పెద్దారవీడు దగ్గర వాళ్ళ పల్లెలో అది రోజూ ఉండేదే. ఆడవాళ్ళంతా తలమీద కొంగు వేసుకుంటారు, రాకపోకల్లో తోడుండమని ఆమె దేవుణ్ణి అడుగుతుంది, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది డ్రైవరు ప్రవీణ్ కుమార్. అంత భక్తిపరుడు! ఆ ఆమెన్ నోట్లో ఉండగానే ఫోను మోగుతుంది. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, మెడ వంకర పెట్టి ఆటో తోలతాడు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే పాపం పుట్టుకతోనే అంతేమో అనుకుంటారు.

ఆ రోజు ఎలీషబా డ్రైవరు సీటు అంచున కూర్చుంది. లోపల చోటు లేక ఆమె కూతురు కేథరిన్ వెనక, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంది. డిగ్రీ చదివే పిల్ల, సెలవులని తల్లితో కోతకు బయల్దేరింది. ఎలీషబా ప్రాణమంతా ఆ వెనకే ఉంది.

"అల్లుడూ, ఆ ఫోను పక్కన పెట్టు. వెనక పిల్ల ఉండాది," అంది, ఊరి వరసతో పిలుస్తూ.

"పదేళ్ళ సర్వీసు అత్తా. కళ్ళు మూసుకోని తోలతా."

"మూసుకునే తోలతన్నావులే. మెడకాయ నిలబెట్టుకోను దేవుడు ఎముకలిచ్చినాడు గదా, వాడుకో."

అతను నవ్వేసి మళ్ళీ ఫోనులో పడ్డాడు. అవతల అతని భార్య సంధ్యారాణి. అక్కడేమీ రాజ్యాలు మునిగిపోవడం లేదు. రాత్రికి వంకాయా సొరకాయా అన్నదే సంగతి. అది తేలేలోపలే దోర్నాల రోడ్డు మలుపులో రాతి పలకల లోడు లారీ ఎదురొచ్చింది. అతను తలెత్తి చూసేసరికి లారీ మీదికొచ్చేసింది. హ్యాండిలు గుంజాడు. ఆటో మట్టిలోకి దిగి, ఊగిపోయి, మళ్ళీ రోడ్డెక్కింది.

"కేథరిన్!" అని ఎలీషబా గొంతు చించుకుంది.

"ఉన్నానమ్మా," అని వెనకనుంచి బదులొచ్చింది. పక్కనున్నామె జబ్బ పట్టుకుని ఆపింది. ఒక కాలి చెప్పు మాత్రం రోడ్డుపాలైంది.

ఆటో ఆగలేదు. "ఏం కాలేదు గదా," అంటూ ప్రవీణ్ కుమార్ భుజం తడుముకుంటున్నాడు. ఎగిరిన ఫోను ఎలీషబా ఒళ్ళో పడి ఉంది. అంతలో అది మళ్ళీ మోగింది, సంధ్యారాణే.

"ఇటియ్యి అత్తా," అని చెయ్యి చాపాడు. ఇప్పుడు కూడా చూపు రోడ్డు మీద లేదు. ఎలీషబాకు ఒళ్ళు మండిపోయింది. స్పీకరు నొక్కింది.

"ప్రవీణ్ కుమార్ లేడమ్మా. ఇప్పుడే లారీ కింద పడి పోయినాడు."

సంధ్యారాణి ఏ లారీ అని అడగలేదు. ఎక్కడ అని అడగలేదు.

"ఫోను మాట్లాడతానే గదమ్మా?" అంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఏడ్చింది. "నాకు తెలుసు. ఎప్పుడో ఒకనాడు ఇట్లనే అయితాదని తెలుసు. ఇందాక చేసింది నేనే తల్లీ... సొరకాయ కోసం చేసినాను, సొరకాయ కోసం..."

ప్రవీణ్ కుమార్ బ్రేకు వేశాడు. ఫోను కోసం అతను ఆటో ఆపడం అదే మొదలు. "సంధ్యా, నేనే. బతికే ఉన్నానే," అని ఫోను లాక్కుని అరిచాడు. అవతల ఏడుపు కాస్తా తిట్లయింది. ఆ తిట్లు ఇక్కడ రాసేవి కావు. ఆ పిల్లను అంతలా ఏడిపించినందుకు ఎలీషబాకు మనసు కలుక్కుమంది. ఇతని మీద మాత్రం రవ్వంత జాలి కలగలేదు.

తిట్లన్నీ తిన్నాక అతను ముఖం తుడుచుకున్నాడు. "అత్తా, ఇంకోసారి ప్రార్థన చేయి, పోదాం."

"పొద్దున అడిగితే ఆయన విన్నాడు, నా బిడ్డ మిగిలింది. ఇంక అడిగేది నిన్ను. ఫోనియ్యి."

ఇచ్చాడు. ఆమె దాన్ని ఖాళీ గోతంలో వేసి, మూతి ముడేసి, దాని మీదే కూర్చుంది. వెనకనున్న కూతుర్ని లోపల ఆడవాళ్ళ మధ్యకు సర్దించాకే ఆటో కదలనిచ్చింది.

దారిలో గోతం మోగింది. ప్రవీణ్ కుమార్ మెడ దానంతటదే భుజం మీదికి వంగింది. అక్కడ ఏమీ లేదు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు, చెప్పులేని కాలు ముడుచుకుని కూర్చున్న కేథరిన్ తప్ప.