పిట్ట ముట్టని విస్తరి

ధర్మాకు ఉరిశిక్ష పడిన మర్నాడే మా తమ్ముడి సంవత్సరీకం వచ్చింది. రెండూ కలిసొచ్చాయని మావాళ్లంతా దేవుడికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. పన్నెండేళ్ల మా అనిల్‌ను పతంగి కొనిస్తానని తీసుకెళ్లి గొంతు నులిమాడు మా వాడకట్టులోనే ఉండే ధర్మా. అంతకన్నా తక్కువ శిక్ష వేస్తే ఊరుకునే రకాన్ని కాను నేను.

బాన్సువాడ దాటి మంజీర ఒడ్డున విస్తరి పరిచాం. పూరీలు, కోడికూర, ఆలుగడ్డ చిప్సు, వాడికి ఇష్టమైనవన్నీ వడ్డించాం. పోయినవాళ్లకు తీరని కోరిక ఉంటే పిట్ట ముట్టదంటారు. ఆ కోరికేదో ఊహించి, తీరుస్తామని పైకి చెప్పాలి. పోయినేడు వాడు పోయిన మూడోనాడు పెడితే ఒక్క కాకీ దిగలేదు. ధర్మాకు ఉరి పడాలనేదే వాడి కోరిక అని అందరం తేల్చుకున్నాం. ఏడాదంతా ఆ మాట పట్టుకునే బతికాం.

"బిడ్డా, వానికి ఉరి పడ్డది. ఇగ తిను," అన్నాడు బాపు.

తుమ్మచెట్టు మీది కాకులు కదల్లేదు.

"హైకోర్టుల గూడ ఇడిసిపెట్టం రా," అన్నాడు పెద్దబాపు పోచన్న.

నేనూ అరిచాను. "వాణ్ని ఉరి తీసేదాక ఊకోను తమ్మీ, నా మీద ఒట్టు!"

ఎండ నెత్తికెక్కింది. కాకులు మాత్రం దిగలేదు. బాపు అమ్మ వైపు తిరిగాడు. "గంగా, నువ్వు చెప్పు. నీ మాటైతె ఇంటడు. ధర్మాను ఉరి తీయిస్తమని చెప్పు."

బీడీలు చుట్టి కాయలు కాసిన వేళ్లు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది అమ్మ. ఈ ఉరి గురించి ఏడాదిగా ఆమె ఒక్క మాటా అనలేదు.

"నేను చెప్ప," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "అంటే వాణ్ని మాఫ్ జేసినవా అమ్మా?"

"మాఫా? వాని పేరింటేనే నా కడుపుల మంట లేస్తది. సచ్చేదాక జైల్ల కుళ్లనియ్యి. గని గీ విస్తరి ముందట గా మాట చెప్ప. మనింట్ల కోడిని కోస్తుంటె నీ తమ్ముడు ఏం జేసేటోడు? సూడలేక పక్కింట్లకు ఉరికేటోడు. గసోంటి పోరడు ఒకని పానం తెచ్చియ్యమని అడుగుతడా? అడిగేది మనం. నీ తమ్ముని పేరు పెట్టి ఏడాది సంది మనమే అడుగుతున్నం."

బాపు తువ్వాలతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఇక చేసేదేమీ లేక పెద్దబాపు ఆ విస్తరిలోంచి కోడికూర తీసేసి, మిగతాది తీసుకెళ్లి ఆవుకు పెట్టాడు.

ఆటోలో తిరిగి వస్తూ అమ్మ అన్న మాటే తలుచుకున్నాను. ధర్మా చావాలనే నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. హైకోర్టుకూ వెళ్తాను. అక్కడ ఎవరైనా అడిగితే మాత్రం, తమ్ముడి కోసమని ఇక చెప్పలేను. ధర్మా చావడం నాకే కావాలని చెప్పాలి.