తలుపు బయట మనిషి

బ్రేకు డ్రమ్ము మీద మునివేళ్లు ఆనించి చూశాడు. గోరువెచ్చగా ఉంది, అంతే. లిఫ్టు మోటారు పక్కన తల వంచి, ఊపిరి బిగబట్టి విన్నాడు. లోపలెక్కడో బేరింగు సన్నగా మూలుగుతోంది. ఇంకో నెల లాగుతుంది. పదమూడో అంతస్తు మీద, రేకుల కప్పు కింద, పొద్దున ఎనిమిదికే పొయ్యిలా కాగే ఇలాంటి గదుల్లో అతను ఇరవై ఆరేళ్లు గడిపాడు.

లిఫ్టు ఎక్కేవాళ్లకి అతని మొహం తెలియదు. లిఫ్టు ఆగితే అతను పుడతాడు, కదిలిందంటే మాయమైపోతాడు. పొట్టి మనిషి. మొహం కంటే ముందు భుజాలు కనిపిస్తాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు, పదేళ్ల కిందట ఒక తలుపు పట్టుకుపోయింది. మిగిలిన గోళ్ల సందుల్లో నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు.

అతనితో జోడీగా పనిచేసేవాణ్ణి అందరూ గ్రీజు అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా లేదు.

"ఎన్నిసార్లు చూస్తావన్నా ఆ గడియారం? నీ చూపులకే అరిగిపోయేలా ఉంది," అన్నాడు గ్రీజు.

"రెండింటికి పోవాలి."

"సూపర్‌వైజరు వద్దన్నాడుగా?"

"ఆయన వద్దన్నాడు. నేను పోతానన్నాను. ఇద్దరం చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాం. అయిపోయింది."

గ్రీజు నవ్వాడు గానీ అతను నవ్వలేదు. మూడింటికల్లా ఇంట్లో ఉండాలి. కూతురు అడిగింది అదొక్కటే. "గురువారం మూడింటికి. నువ్వొస్తేనే ఆసుపత్రిలో చేరతా. రాకపోతే ఇంకెప్పుడూ అడగొద్దు నాన్నా." పోయిన నెలలోనూ ఇలాగే ఒప్పుకుంది. పని దగ్గర ఇరుక్కుని అతను రెండు గంటలు ఆలస్యంగా చేరాడు. అప్పటికి ఆ పిల్ల వేసుకున్న చెప్పులు విప్పేసి, మళ్లీ గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఆ మాట ఆమె నోటి నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది.

పంతొమ్మిదేళ్లు. కాలేజీ మానేసి ఐదు నెలలు. తిండి లేదు, స్నానం లేదు, పలకరిస్తే జవాబు లేదు. మొదట్లో అతను అందరు తండ్రులూ చేసే చెత్త పనులన్నీ చేశాడు. అరిచాడు. "మాకు లేవా కష్టాలు?" అన్నాడు. పక్కింటి పిల్లతో పోల్చాడు. సోమరితనం అన్నాడు. ఫోను లాక్కున్నాడు. వీటిలో ఒక్కటీ పనిచెయ్యలేదు. పనిచెయ్యని పానాతోనే మళ్లీ మళ్లీ తిప్పేవాడిని పనిలో అయితే తనే తిట్టేవాడు. ఇంట్లో మాత్రం ఆ పానా అతని చేతిలోనే ఉంది.

ఆ తర్వాత లిఫ్టు మెకానిక్కు మాత్రమే చెయ్యగల తప్పు ఒకటి చేశాడు. లిఫ్టు తలుపుకి బయటివైపు ఒక చిన్న కన్నం ఉంటుంది. అందులో మూడు మూలల తాళంచెవి పెట్టి తిప్పితే ఏ అంతస్తులోనైనా తలుపు తెరుచుకుంటుంది. లోపలివాళ్లకి దాంతో పనిలేదు. పాత లిఫ్టు నుంచి విప్పిన అలాంటి తాళమొకటి తెచ్చి కూతురి గది తలుపుకి బిగించాడు. ఎంతో తెలివైన పని చేశాననుకున్నాడు. ఒక మధ్యాహ్నం తట్టకుండా, పిలవకుండా తాళంచెవి తిప్పి లోపలికి వెళ్లాడు. ఆ పిల్ల బీరువాకీ గోడకీ మధ్య సందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. తలెత్తి అతన్ని చూసింది, అతని చేతిలోని తాళంచెవిని చూసింది.

"నేను లిఫ్టునా నాన్నా?"

తొమ్మిది రోజులు ఇంకో మాట లేదు.

పదో రోజు అతనొక్కడే వెళ్లి పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరు ముందు కూర్చున్నాడు. ఆవిడ అతని కంటే చిన్నది, కళ్లజోడు జారిపోతూ ఉంటుంది. జరిగిందంతా కక్కేశాడు. ఆవిడ తిట్టలేదు. లోపలి గడియ తీసెయ్యమంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ దాచమంది. తట్టకుండా మాత్రం వెళ్లొద్దంది. "చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది," అంది.

ఆ సాయంత్రం తాళం విప్పి పారేశాడు, గడియా పీకేశాడు. తలుపు బయట నేలమీద కూర్చుని మూడుసార్లు తట్టాడు. భార్య వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అమ్మడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

లోపల మంచం కిర్రుమంది.

"అనిపిస్తోంది."

వీపులోంచి గునపం దిగినట్టయింది. అయినా గొంతు పెంచలేదు. "సరే. నాకు చెప్పావు, మంచి పని చేశావు. నేనిక్కడే ఉన్నా. ఎక్కడికీ పోను," అన్నాడు. ఆ రోజు నుంచి భార్య మంచం ఆ గదిలోకి మారింది. కనిపెట్టుకుని ఉండటానికి వంతులు వేసుకున్నారు, ఆ పిల్లకి చెప్పే వేసుకున్నారు.

ఈ గురువారం, పనిలో ఉండగా, పదకొండింటికి ఫోను మోగింది. అక్క.

"తమ్ముడూ, ఇంకోసారి ఆలోచించరా. ఆ వార్డులో చేర్పిస్తే పిల్లకి ముద్ర పడిపోతుంది. రేపు ఎవడు చేసుకుంటాడు?"

"ముందు పిల్ల ఉండాలిగా అక్కా. ఎవడు చేసుకుంటాడో తర్వాత చూద్దాం."

"నీ నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయిందిరా!"

"ఇన్నాళ్లూ ఉంది. అందుకే ఇంతదాకా వచ్చింది. వస్తే పండ్లు పట్టుకుని రా. రాకపోతే మానెయ్. అది వినేంత దూరంలో మాత్రం ఈ మాట అనకు." ఫోను పెట్టేశాడు. అక్కకి ఎదురు చెప్పడం యాభై ఏళ్ల జీవితంలో అదే మొదలు.

ఒకటిన్నరకి వెనక భవనంలో లిఫ్టు ఆరుకీ ఏడుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ తలుపు మీద గుద్దుతూ అరుస్తోంది. బయట నలుగురు చేరారు, ఒకడు ఇనుపకడ్డీ కూడా తెచ్చాడు.

"కడ్డీ కింద పెట్టవయ్యా," అన్నాడు అతను. "ఆమె ఇప్పుడు రెండంతస్తుల మధ్య ఉంది. బలవంతంగా తెరిస్తే నేరుగా కిందికే."

గ్రీజు మెట్లెక్కి పైకి పరుగెత్తాడు. అతను తలుపుకి నోరు దగ్గర పెట్టాడు.

"అమ్మా, నేను మెకానిక్కుని. బయటే ఉన్నా. మీరు బయటికొచ్చేదాకా ఇక్కడినుంచి కదలను."

"ఊపిరాడట్లేదయ్యా! చచ్చిపోయేలా ఉన్నా!"

"అలాగే అనిపిస్తుందమ్మా. లోపల గాలి ఉంది, మీరు ఇంత గట్టిగా తిడుతున్నారంటే ఉన్నట్టే. ఇంకో నాలుగు తిట్టండి."

లోపల ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఏదో శబ్దం వచ్చింది. పైన మోటారు గదిలో గ్రీజు కరెంటు ఆపి, బ్రేకు వదిలిస్తూ చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడు. అంగుళం, ఇంకో అంగుళం. తొందర పడితే జరిగేది లేదు. గడియారం రెండు దాటింది. అతని వీపంతా చెమట. అయినా మాట ఆపలేదు. రెండూ ఇరవైకి లిఫ్టు ఏడో అంతస్తుకి సమంగా వచ్చింది, అప్పుడే తలుపు తెరిచాడు.

సంచీ భుజానికి తగిలించుకుని కింద గేటు దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజరు ఎదురయ్యాడు. వెనక వాచ్‌మన్లు, తుడిచే ఆడవాళ్లు, కలిపి పదిమందికి పైగా ఉన్నారు.

"ఎక్కడికి? నాలుగింటికి ఓనర్లు తనిఖీకి వస్తున్నారు. వాళ్లు పైకెళ్లి కిందికి దిగేదాకా నువ్వుండాలి."

"లిఫ్టు నడుస్తోంది. గ్రీజు ఉన్నాడు. నేను పోతున్నా."

"మళ్లీ జ్వరమా నీకు?" జనం నవ్వారు. నిజమే, ఐదు నెలలుగా సెలవు కోసం అతను జ్వరమనీ, చుట్టాల చావులనీ అబద్ధాలు చెబుతూనే ఉన్నాడు. ఆ లెక్కన అతని చుట్టాలందరూ రెండేసిసార్లు పోయారు.

ఈసారి గేటు అవతలకి కూడా వినపడేలా అన్నాడు: "నా కూతురికి మనసు బాగాలేదు. చచ్చిపోవాలనిపిస్తోందని నాకు చెప్పింది. ఈరోజు ఆసుపత్రిలో చేర్పిస్తున్నా. అది జబ్బు, తప్పు కాదు. సిగ్గుపడి అబద్ధాలాడినందుకు నాకు సిగ్గుగా ఉంది, దానికి జబ్బొచ్చినందుకు కాదు."

తుడిచే ఆడవాళ్లలో ఒకామె పక్కకి జరిగి అతనికి దారి వదిలింది.

"అలాంటివి ఇంట్లో చూసుకోవాలయ్యా. పోతే రేపు గేటు బయటే ఉంటావు," అన్నాడు సూపర్‌వైజరు, గొంతు తగ్గించి.

"ఉంచండి. ఆగిపోయే లిఫ్టులకి ఈ లోకంలో కొదవ లేదు."

నడిచాడు. గ్రీజు వెనకే పరుగెత్తుకొచ్చాడు. ఏదో పరాచికం ఆడతాడనుకుంటే, నేల చూస్తూ అడిగాడు. "అన్నా, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది? మావాడు... రెండో వాడు... సరిగా నిద్రపోవట్లేదు."

"సోమవారం, గురువారం. ముందు నువ్వు వెళ్లు. నేనూ వస్తా."

బస్సు కోసం ఆగలేదు. ఆటో ఎక్కాడు. మూడుకి నాలుగు నిమిషాలుండగా ఇంట్లో ఉన్నాడు. మూడుసార్లు తట్టాడు.

"రా," అంది.

మంచం అంచున కూర్చుని ఉంది. టోపీ ఉన్న బూడిదరంగు స్వెట్టరు, కాళ్లకి చెప్పులు. భార్య వెనక కూర్చుని చిక్కుపడిన జుట్టుని వేళ్లతో విడదీస్తోంది. ముగ్గురూ లేచారు.

ఆసుపత్రిలో ఆ వార్డు మూడో అంతస్తు. కూతురు లిఫ్టు ముందు ఆగింది.

"ఇది నువ్వు బాగుచేసేదేనా?"

"కాదు."

"అయితే మెట్లెక్కుదాం."

ఐదు నెలల్లో ఆమె వేసిన మొదటి జోకు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ, "తండ్రికి తగ్గ కూతురు, నా మోకాళ్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు," అని గొణుక్కుంటూ ఎక్కింది.

వార్డు తలుపు దగ్గర నర్సు కాగితాలు రాసుకుని, సంచీ వెతికి, స్వెట్టరు వైపు చూసింది. "దాని టోపీకున్న తాడు తీసెయ్యాలమ్మా. లోపలికి తాళ్లు పనికిరావు. అందరికీ ఇదే నియమం." అతను సాయానికి చెయ్యి చాపబోయి ఆపుకున్నాడు. ఆ పిల్లే మెల్లగా, ముడి విప్పి, తాడు లాగి అతని చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రం?"

"ఇద్దరం వస్తాం."

తలుపు తెరుచుకుంది. ఆమె వెనక్కి చూడకుండా నర్సు పక్కన నడిచింది. కొన్నాళ్లకి మాత్రమే అని డాక్టరు చెప్పింది, ఎన్నాళ్లని చెప్పలేదు. నల్లమచ్చలు పడిన అతని అరచేతిలో ఆ బూడిదరంగు తాడు, దాని చివరి ప్లాస్టిక్ తొడుగు పంటిగాట్లతో చదునైపోయి, ఇంకా తడిగానే ఉంది.