వైకుంఠం ఆపిన నీళ్లు

పురానాపూల్ సందులో నీళ్ల పైపు గుంత మీదికి వంగి వైకుంఠం వాల్వు తిప్పే ఇనుప చావిని బలంగా తిప్పాడు. వాల్వు మొరాయించి మొరాయించి తెరుచుకుంది. మోకాలు కలుక్కుమంది. జారిన మాస్కును పైకి లాక్కుంటే కళ్లద్దాలు మసకబారాయి. ఈ మాయరోగం వచ్చినప్పటి నుంచి ఏ పనీ సాఫీగా సాగి చావడం లేదు.

ఏళ్ల తరబడి ఈ బస్తీకి నీళ్లు వదిలేది అతనే. అతని కేక వింటే తలుపులు తెరుచుకుంటాయి. కరోనా ఎంతమందికి వచ్చిపోయిందో తేల్చడానికి ఇంటింటా నెత్తురు తీయాలని పరిశోధన వాళ్లు వచ్చారు. వాళ్ల తెల్ల సూట్లు చూసి జనం గడియలు పెట్టుకున్నారు. దాంతో ఆ బృందం సాయానికి వైకుంఠాన్ని పట్టుకుంది. "ఏం గాదు, నాది జిమ్మేదారి" అంటూ పూచీపడి అతను ముందు నడిచాడు. అందరికంటే ముందు చెయ్యి చాపింది పాల సత్తెమ్మ.

నెత్తురిచ్చిన ఇంటి తలుపుకు వాళ్లు పసుపు స్టిక్కరు అంటించిపోయారు. మళ్లీ అదే ఇంటికి రాకుండా గుర్తట. అప్పటిదాకా ఆ సందులో స్టిక్కర్లు పడింది రోగమున్న ఇళ్లకే. ఇక చెప్పేదేముంది! సత్తెమ్మ బర్రెల పాలు ఎవరూ ముట్టలేదు.

ఇవాళ కూడా ఆమె క్యానులో పాలు మురుగు మోరీలోకి వంపుతోంది.

"నీ మాట నమ్మి చెయ్యి చాపిన తమ్మీ. బర్రెలకు దాణా యాడికెల్లి తేవాలె?"

వైకుంఠం తలదించుకుని ఫోను తీశాడు. పరిశోధన బృందం డాక్టరు స్రవ్య పలికింది.

"మేడం, ఆ స్టిక్కర్ పీకేస్త."

"వద్దన్నా, రూల్ ఒప్పుకోదు. వచ్చే వారం అవేర్‌నెస్ మీటింగ్ పెడుతున్నాం కదా, అందరికీ చెప్దాం."

"అప్పటిదాంక బర్రెలు పస్తుంటయా మేడం?"

మీటింగట మీటింగ్! పోయినసారి ముగ్గురొచ్చారు, అదీ సమోసాల కోసం. అతనికి ఒళ్లు మండిపోయింది. గుంత దగ్గరికి వెళ్లి వాల్వు బిగించి నీళ్లు ఆపేశాడు.

కాసేపట్లో బస్తీ అంతా ఖాళీ బిందెలతో రోడ్డు మీదికొచ్చింది. అందరికంటే పెద్ద గొంతు కిరాణా గుండయ్యది.

"ఏం లొల్లిరా ఇది? నా ట్యాంకు సగం గూడ నిండలే!"

"దూరం దూరం నిలబడుండ్రి. గా స్టిక్కర్ బీమారీది కాదు, నెత్తురిచ్చినందుకు నిషాని. నెత్తురు నేను గూడ ఇచ్చిన. నేనిడిసిన నీళ్లు తాగుతున్నరు గద, అక్క పాలకేమైంది?"

వైకుంఠం సత్తెమ్మ క్యాను అడుగున మిగిలిన పాలను లోటాలో ముంచుకుని అందరి ఎదుటా గటగటా తాగాడు. అది చూసి లీలమ్మ అనే ముసలావిడ ఇంట్లోంచి గిన్నె తెచ్చి ముందుకు చాపింది. సత్తెమ్మ గబగబా లోపలికి పోయి రెండో క్యాను తెచ్చింది. గుండయ్య కూడా ఓ లీటరు పోయించుకున్నాడు.

వైకుంఠం నీళ్లు వదిలాడు.

మధ్యాహ్నం వైకుంఠాన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు ఫోను చేశాడు. "నీళ్లు ఆపినవంట? గుండయ్య సేటు కంప్లైంట్ ఇచ్చిండు. చావి ఇచ్చిపో, రేపట్నుంచి రాకు."

పాలూ పోయించుకున్నాడు, ఫిర్యాదూ చేశాడు! వైకుంఠానికి తిట్టే ఓపిక కూడా లేకపోయింది. చావి ఇచ్చేసి బస్సెక్కాడు.

మర్నాడు గుంత దగ్గర ఎవరో కొత్తతను ఉన్నాడు. సత్తెమ్మ చెంబు నిండా కాచిన పాలతో వచ్చి అతన్ని చూసి ఆగిపోయింది.

"వైకుంఠం తమ్ముడేడి?"

"ఇంక రాడంట."

ఇల్లెక్కడని అడిగితే అతనికీ తెలియదు. ఇన్నేళ్లలో బస్తీలో ఎవరూ ఆ మాట వైకుంఠాన్ని అడగలేదు, తనూ అడగలేదు. సత్తెమ్మ చెంబును గుంత గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఎండెక్కేసరికి చెంబులో పాల మీద మందంగా మీగడ కట్టింది.