రెండో శృతి

ఊళ్ళో ఆడపిల్లల నోళ్ళన్నీ విప్పించిన గాత్రం మాస్టారు బాబ్జి, పది రోజులుగా తన నోటికి తాళం వేసుకుని తిరుగుతున్నాడు. ఆది తాళమూ కాదు, రూపక తాళమూ కాదు. అచ్చంగా ఇనప తాళం.

ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, గవర్నమెంటు సంగీతం సర్టిఫికెట్ పరీక్షకి పన్నెండు మందిని పంపాడు. పదకొండు మంది పాసయ్యారు. సుప్రియ ఒక్కర్తీ తప్పింది. తనకి గొంతే లేదని తేల్చుకుని క్లాసు మానేసింది.

గొంతు ఉంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు. అందరినీ కలిపి పాడించడం తేలికని, తన మగ గొంతుకి సరిపడే, తగ్గు స్థాయిలో ఉండే రెండో శృతిలోనే అందరికీ పాఠం చెప్పాడు. మిగతావాళ్ళు ఎలాగో సర్దుకున్నారు. సుప్రియ పైకెళ్తే కీచుమనేది, కిందికి దిగితే వినపడేదే కాదు. ఒక్కదానికోసం శృతి మారిస్తే బ్యాచంతా చెదిరిపోతుందని, "ఇంకా సాధన చెయ్యమ్మా" అంటూ నెపం ఆ పిల్ల మీదికే తోసేశాడు.

పరీక్షంటే కాగితాల పండగ అని ఎగతాళి చేసే మనిషి. ఆ పండగనాడే విజయనగరం నుంచి వచ్చిన ఎగ్జామినరు అతన్ని గేటు దగ్గర ఆపాడు.

"ఆ అమ్మాయిది ఐదో శృతి గొంతు మాస్టారూ. రెండులో కట్టేశారేం?"

మూడేళ్ళు తాను కప్పిపెట్టింది పరాయి చెవికి ఐదు నిమిషాల్లో దొరికిపోయింది. బాబ్జి ఏదో పనున్నట్టు సైకిలెక్కి తప్పుకున్నాడు.

ఫలితాలొచ్చిన పదకొండో రోజున సైకిలేసుకుని సుప్రియ ఇంటికి వెళ్ళాడు. తల్లి బుల్లమ్మ బియ్యం చెరుగుతోంది.

"కూకోండి మాస్టారూ. మా వైపు ఎవులికీ పాట రాదు. దాన్నేటీ అనకండి."

"తప్పు దాంది కాదమ్మా, నాది" అని మొదలెట్టి, తడబడుతూ జరిగిందంతా చెప్పాడు.

బుల్లమ్మ చేట పక్కన పెట్టింది. "తెలిసే సేసేరా?"

"తెలిసే."

"రోజూ తెల్లారగట్ల లేసి గొంతు సించుకుంది కదా. అప్పుడు సెప్పకూడదా?"



పదిహేనేళ్ళ సుప్రియ గుమ్మంలో నిలబడి అంతా వింది. తిడుతుందని బాబ్జి ఆశపడ్డాడు. తిడితే కాస్త బరువు దిగును.

"మళ్ళీ పరీక్షకెళ్తాను" అంది.

"అలాగే తల్లీ. రేపు క్లాసుకి రా, ఐదుతో మొదలెడదాం."

"మీ దగ్గరికి కాదు మాస్టారూ. ఎలమంచిలిలో జ్యోతిలక్ష్మి మేడం చెప్తారంట. ఆవిడకి ఉత్తరం రాసివ్వండి. ఎందుకు తప్పేనో కూడా రాయండి."

బుల్లమ్మ నోటుబుక్కులోంచి కాగితం చింపి ఇచ్చింది. బాబ్జి అరుగు మీద కూర్చుని, ఏ రాగమూ తీయకుండా, తాను చేసింది చేసినట్టు రాశాడు. కింద సంతకం పెట్టి సుప్రియకి ఇచ్చాడు.

ఆమె నిలబడే రెండుసార్లు చదువుకుంది.